తూచి తిన్న జీవితం: డాక్టర్ జార్జ్ మైనట్

టెల్కో కాలనీ (జంషెడ్‌పూర్): లంఘనం పరమౌషధమని పెద్దల మాట. జ్వరానికీ అజీర్తికీ అక్కరకు వచ్చిన ఆ సూత్రాన్ని వందేళ్ల క్రితం వైద్యులు మధుమేహానికి కూడా వర్తింపజేశారు. అప్పటికి వారికి వేరే దారి లేదు. ఆ లంఘనంతోనే ఏడాదికి పైగా ప్రాణం నిలుపుకొని, ఇన్సులిన్ చేతికి అందిన తరువాత కూడా పథ్యాన్ని విడిచిపెట్టక, మరో ఇరవై ఏడేళ్లు జీవించి, మరొక మారణవ్యాధికి ఆహారంతోనే చికిత్సను కనుగొన్న వైద్యుడు డాక్టర్ జార్జ్ రిచర్డ్స్ మైనట్. ఆ కృషికి 1934లో నోబెల్ పురస్కారం ఆయనను వరించింది. ఇన్సులిన్ తీసుకుంటున్నప్పుడు పథ్యం ఎందుకని, పథ్యం పాటిస్తున్నప్పుడు ఇన్సులిన్ ఎందుకని నేటికీ మన ఇళ్లలో వినిపించే రెండు ప్రశ్నలకూ ఆయన జీవితంలో సమాధానం దొరుకుతుంది.

మైనట్ 1885 డిసెంబర్ 2న అమెరికాలోని బోస్టన్ నగరంలో జన్మించారు. తండ్రి జేమ్స్ జాక్సన్ మైనట్ వైద్యుడు. అంతకు ముందు తరాలలోనూ ఆ వంశంలో వైద్యులు ఉన్నారు. బాల్యంలో ఆయన ఆరోగ్యం అంతంతమాత్రం. ఆటపాటలకన్నా సీతాకోకచిలుకలపై ఎక్కువ ఆసక్తి కనబరచిన ఆ బాలుడికి చిన్న చిన్న తేడాలను ఓపికగా గమనించి రాసుకోవడం అప్పుడే అలవడింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుంచి 1908లో పట్టా, 1912లో వైద్య పట్టా పొందారు. మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో శిక్షణ ముగించుకొని, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ సంస్థలో రక్తం గడ్డకట్టే తీరును అధ్యయనం చేశారు. 1915లో బోస్టన్‌కు తిరిగి వచ్చి, అదే సంవత్సరం మేరియన్ లిన్జీ వెల్డ్‌ను వివాహమాడారు. ఆ దంపతులకు ఇద్దరు కుమార్తెలు, ఒక కుమారుడు.

యువ వైద్యుడిగా ఉన్న రోజులలోనే మైనట్‌కు ఒక ప్రత్యేకమైన పద్ధతి ఉండేది. రోగి ఏమి తింటున్నాడు, ఎంత తింటున్నాడు, ఏ పదార్థాన్ని ఎన్నాళ్లుగా మానివేశాడు అన్న వివరాలను ఆయన పట్టుబట్టి రాబట్టేవారు. రక్తహీనతతో వచ్చినవారిలో పలువురి భోజనంలో ఏదో లోపం ఉన్నదన్న అనుమానం ఆయనకు మొదటినుంచీ ఉంది. రోగాలకు సూక్ష్మజీవులను, విషపదార్థాలను మాత్రమే కారణంగా వెదుకుతున్న ఆ కాలంలో, పళ్లెంలోని కొరత కూడా రోగానికి మూలం కావచ్చునన్న ఆలోచన ఇంకా బలపడలేదు.

ఇంతలో 1921 అక్టోబర్‌లో ఆయనకే పెనువ్యాధి సోకింది. ముప్ఫై ఆరవ ఏట అడుగిడబోతున్న మైనట్‌కు తీవ్రమైన మధుమేహం ఉన్నట్లు తేలింది. నేడు ఇన్సులిన్‌పై ఆధారపడిన మధుమేహంగా చెప్పుకొనే స్థితి అది. క్లోమగ్రంథి తగినంత ఇన్సులిన్‌ను తయారుచేయలేనప్పుడు, తిన్న పిండిపదార్థం చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది గాని శరీర కణాలకు ఆహారంగా ఉపయోగపడదు. మితిమీరిన చక్కెర మూత్రంలో పోతూ తనతోపాటు నీటిని కూడా లాక్కుపోతుంది. ఆకలి, దాహం పెరుగుతాయి, ఒళ్లు కరిగిపోతుంది. చక్కెరను వాడుకోలేని శరీరం కొవ్వును కరిగించుకోవడం మొదలుపెడుతుంది. అలా పుట్టిన కీటోన్ ఆమ్లాలు రక్తంలో పేరుకుపోతే రోగి స్పృహ కోల్పోయి మరణిస్తాడు. ఆనాడు ఈ వ్యాధి సోకిన పిల్లలు ఎక్కువ కాలం బతికేవారు కారు. పెద్దలకు కూడా గడువు కొన్నేళ్లే.

మైనట్‌కు చికిత్స చేసిన వైద్యుడు డాక్టర్ ఎలియట్ జోస్లిన్. మధుమేహ చికిత్సకు జీవితాన్ని అంకితం చేసిన ఆయన కూడా బోస్టన్‌లోనే ఉండేవారు. 1916లో ఈ వ్యాధిపై వైద్యుల కోసం ఒక గ్రంథాన్ని, 1918లో రోగుల కోసం ఒక కరదీపికను వెలువరించారు. న్యూయార్క్‌లో డాక్టర్ ఫ్రెడరిక్ అలెన్ రూపొందించిన ఉపవాస చికిత్సను ఆయన అనుసరించారు. ముందుగా కొన్ని రోజులు దాదాపు నిరాహారం. మూత్రంలో చక్కెర కనిపించడం ఆగిన తరువాత కూరగాయలు, గుడ్లు, కొద్దిగా మాంసం ఒక్కొక్కటిగా చేర్చడం. చక్కెర మళ్లీ కనిపిస్తే మళ్లీ ఉపవాసం. రొట్టె, బంగాళాదుంప, పళ్లరసం వంటివి ఔషధ మోతాదులకన్నా తక్కువగా అందేవి.

ఈ పథ్యం వ్యాధిని నయం చేయలేదు, గడువును మాత్రమే పొడిగించింది. మధుమేహం చేతిలో త్వరగా పోవడమా, ఆకలి చేతిలో మెల్లగా పోవడమా అన్నదే ఆనాటి రోగి ముందున్న ఎంపిక. ఎత్తైన, సన్నని మనిషి అయిన మైనట్ మరింత చిక్కిపోయారు. అయినా నియమం తప్పలేదు. తినే ప్రతి పదార్థాన్నీ తక్కెడలో తూచుకొని, లెక్క చూసుకొని తినేవారు. ఆ బలహీనతలోనే రోగులను చూశారు, రక్తపరీక్షలు సాగించారు.

ఆయన మృత్యువుతో గడువు పొడిగించుకుంటున్న నెలలలోనే కెనడాలోని టొరంటోలో చరిత్ర మలుపు తిరుగుతున్నది. 1921 వేసవిలో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ అక్కడ కుక్కలపై ప్రయోగాలు చేసి, క్లోమగ్రంథి సారంతో రక్తంలోని చక్కెరను తగ్గించగలిగారు. జాన్ మెక్లియాడ్ ప్రయోగశాలలో జరిగిన ఆ కృషికి, సారాన్ని శుద్ధిచేసిన జేమ్స్ కాలిప్ నైపుణ్యం తోడయింది. 1922 జనవరి 11న లియొనార్డ్ థామ్సన్ అనే పద్నాలుగేళ్ల బాలుడికి తొలి సూది వేశారు. అది అంతగా ఫలించలేదు. అదే నెల 23న శుద్ధిచేసిన సారాన్ని మళ్లీ ఇచ్చినప్పుడు చక్కెర దిగివచ్చింది. 1922 ఆగస్టులో జోస్లిన్ తన రోగులకు ఇన్సులిన్ ఇవ్వడం ప్రారంభించారు. 1923 ఆరంభంలో అది మైనట్‌కు అందింది. అప్పటిదాకా బతికి ఉండడానికి పథ్యం ఆయనకు తోడ్పడింది. ఆపై బతికించినది ఇన్సులిన్.

అయితే ఇన్సులిన్‌తో పథ్యానికి సెలవు దొరకలేదు, దాని స్వరూపం మాత్రం మారింది. అంతకుముందు ఆహారాన్ని తగ్గించడానికి తూచేవారు, ఇప్పుడు సూదిమందుకూ ఆహారానికీ పొత్తు కుదర్చడానికి తూచవలసి వచ్చింది. మందు ఎక్కువై భోజనం తక్కువైతే రక్తంలో చక్కెర పడిపోయి, చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడి, చివరకు స్పృహ తప్పుతుంది. భోజనం ఎక్కువై మందు చాలకపోతే చక్కెర పెరిగి పాత ప్రమాదం తిరిగి వస్తుంది. తొలినాటి ఇన్సులిన్ ప్రభావం కొన్ని గంటలే ఉండేది కనుక రోజుకు పలుమార్లు సూది తప్పేది కాదు. ఎక్కువ సేపు పనిచేసే రకాలు 1936 నుంచే వాడుకలోకి వచ్చాయి. ఇంట్లో రక్తం పరీక్షించుకునే పరికరం అన్నది ఊహకు కూడా అందని విషయం. ఆనాటి మధుమేహులకు దిక్కు బెనడిక్ట్ ద్రావణం. గాజు గొట్టంలోని నీలి ద్రావణానికి కొన్ని మూత్రపు చుక్కలు కలిపి కాచితే, చక్కెర లేనప్పుడు అది నీలంగానే ఉండేది. చక్కెర పెరిగేకొద్దీ ఆకుపచ్చ, పసుపు, చివరకు ఇటుక ఎరుపు రంగుకు మారేది. ఆ రంగును చూసి పళ్లేన్నీ సూదిమందునూ సవరించుకోవడమే వారి నిత్యకృత్యం.

ఈ క్రమశిక్షణతో శక్తి పుంజుకున్న మైనట్ తన పాత అనుమానాన్ని మళ్లీ చేపట్టారు. పెర్నీషియస్ అనీమియా అనే ప్రాణాంతక రక్తహీనతకు అప్పట్లో మందు లేదు. చర్మం పాలిపోయి, నాలుక మండుతూ, కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి, రోగులు సాధారణంగా రెండు మూడేళ్లలో కన్నుమూసేవారు. ఆ దశలో జార్జ్ విపుల్ అనే శాస్త్రవేత్త, రక్తం తీసివేసి రక్తహీనత కలిగించిన కుక్కలకు వివిధ ఆహారాలు పెట్టి చూసి, రక్తం తిరిగి పట్టడానికి కాలేయం అన్నిటికన్నా ఎక్కువగా తోడ్పడుతుందని నిరూపించారు. కుక్కలలోని రక్తహీనత వేరు, మనుషుల ఈ వ్యాధి వేరు. అయినా మైనట్ తన రోగులలో కొందరికి కాలేయం తినిపించి చూశారు. వారు కోలుకోవడం గమనించి, పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలోని డాక్టర్ విలియం మర్ఫీతో కలిసి క్రమబద్ధమైన పరిశీలనకు పూనుకున్నారు.

వారు రూపొందించిన పథ్యంలో రోజుకు 120 నుంచి 240 గ్రాముల వరకు కాలేయం, దానితోపాటు మాంసం, కూరగాయలు, పళ్లు ఉండేవి. కొవ్వును తగ్గించారు. నాలుక మండుతూ, అన్నహితవు లేని రోగి చేత ప్రతిరోజూ అంత కాలేయం తినిపించడం సామాన్యమైన పని కాదు. కొందరు ముద్దగా నూరి, కొందరు రసంలో కలిపి మింగేవారు. ఒక్క పూట కూడా తప్పరాదని, కొలత తగ్గరాదని వైద్యులు పట్టుబట్టారు. వారం, పది రోజులలో రక్తంలో కొత్త ఎర్రకణాలు పెరగడం కనిపించేది. మంచం దిగలేని స్థితిలో వచ్చినవారు కొద్ది వారాలలో లేచి నడిచారు. 45 మంది రోగుల ఫలితాలతో మైనట్, మర్ఫీల వ్యాసం 1926 ఆగస్టులో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వెలువడింది. ఆహారాన్ని ఔషధంలా కొలిచి పుచ్చుకోవడం ఎంత కష్టమో, అది మనిషిని ఎలా నిలబెడుతుందో మైనట్‌కు స్వానుభవం. రోగుల నుంచి కోరిన నిష్ఠలో తాను రోజూ పాటించనిది ఏదీ లేదు.

హార్వర్డ్‌కు చెందిన ఎడ్విన్ కోన్ కాలేయంలోని సారాన్ని వేరుచేయడంతో కొద్ది సంవత్సరాలలోనే పచ్చి కాలేయం తినే బాధ తగ్గింది. 1928లో మైనట్ బోస్టన్ నగర ఆస్పత్రిలోని థార్న్‌డైక్ స్మారక ప్రయోగశాలకు సంచాలకులయ్యారు. అక్కడే విలియం కాజిల్, ఆరోగ్యవంతుల జీర్ణకోశంలో ఊరే ఒక పదార్థం ఈ రోగులలో లోపించడమే వ్యాధికి మూలమని తేల్చారు. కాలేయంలో దాగిన అసలు ఔషధం విటమిన్ బి12 అని 1948లో స్పష్టమైంది.

ఈ కథకు తెలుగు నేలతోనూ ఒక అనుబంధం ఉంది. మైనట్ ఇన్సులిన్ మొదలుపెట్టిన 1923వ సంవత్సరంలోనే, అక్టోబర్‌లో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరుకున్నారు. స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధికి సోదరులను పోగొట్టుకున్న ఆయనకు ఆ వ్యాధి బాధ స్వయంగా తెలుసు. తిన్నది ఒంటికి పట్టకపోవడం, రక్తం తగ్గిపోవడం దాని లక్షణాలు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరాల శక్తికి మూలమైన పదార్థాలను వెలికితీసిన సుబ్బారావు, 1930లలో కాలేయంలోని రక్తవర్ధక పదార్థాన్ని వేరుచేసే పరిశోధనలోనూ పాల్గొన్నారు. తరువాత లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది సంజీవని అయింది. మైనట్ తెరిచిన బాటలో నడిచిన పరిశోధన, ఆ విధంగా గోదావరి తీరపు ఇంటి విషాదానికి కూడా జవాబు వెదికి పెట్టింది.

1934 డిసెంబర్‌లో మైనట్, మర్ఫీ, విపుల్ ముగ్గురూ స్టాక్‌హోమ్‌లో నోబెల్ పురస్కారాన్ని స్వీకరించారు. పదమూడేళ్ల క్రితం కొద్ది సంవత్సరాలే బతుకుతారనుకున్న మనిషి మహాసముద్రం దాటి ఆ వేదికపై నిలిచారు. సమయానికి ఇన్సులిన్ ఆయనకు అంది ఉండకపోతే కాలేయ చికిత్స ఆ రోజులలో, ఆయన చేతుల మీదుగా వెలుగు చూసేది కాదు. ఇన్సులిన్ నిలిపిన ఆ ఒక్క ప్రాణం తిరిగి ఎన్నో ప్రాణాలను నిలిపింది.

అయితే ఆయన జీవితాన్ని విజయగాథగా మాత్రమే చెప్పుకోవడం న్యాయం కాదు. ఎంత తూచి తిన్నా, ఆనాటి పరికరాలతో రోజంతా చక్కెరను అదుపులో ఉంచడం సాధ్యం కాలేదు. మూత్రంలో చక్కెర కనిపించే సరికే రక్తంలో అది సాధారణంగా 180 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది. ఏళ్ల తరబడి సాగిన హెచ్చుతగ్గుల వల్ల రక్తనాళాలు దెబ్బతినడం ఈ వ్యాధి స్వభావం. 1940 తరువాత మైనట్‌ను మధుమేహ ఉపద్రవాలు చుట్టుముట్టాయి. 1947లో పక్షవాతం వచ్చి శరీరంలో కొంత భాగం చచ్చుబడింది. 1950 ఫిబ్రవరి 25న, అరవై నాలుగవ ఏట ఆయన కన్నుమూశారు. చక్కెరను సాధారణ స్థాయికి దగ్గరగా ఉంచితే ఈ ఉపద్రవాలను చాలావరకు నివారించవచ్చునన్న విషయం నాలుగు దశాబ్దాల తరువాత నిరూపితమైంది. అమెరికా, కెనడాలలో 1,441 మంది ఇన్సులిన్ ఆధారిత మధుమేహులపై సాగి 1993లో వెలువడిన అధ్యయనంలో, పకడ్బందీ నియంత్రణ పాటించినవారిలో కొత్తగా కంటిపొర దెబ్బతినే ముప్పు 76 శాతం తగ్గినట్లు తేలింది.

మైనట్ జీవించిన కాలానికీ, ఉక్కు కర్మాగారాలనూ మోటారు వాహనాల పరిశ్రమనూ నమ్ముకొని తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన జంషెడ్‌పూర్‌కూ దూరం ఎక్కువే. కాని సమస్య స్వరూపం ఒక్కటే. టెల్కో కాలనీ వంటి కార్మిక నివాసాలలో మూడు షిఫ్టుల జీవితం భోజన వేళలను వారానికో తీరుగా మారుస్తుంది. ఇన్సులిన్ తీసుకునేవారికి వేళ మారడమంటే లెక్క మారడమే. వండిన అన్నం 100 గ్రాములలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. పెద్ద కంచంలో మారు వడ్డించుకుంటే అది సులభంగా మూడు నాలుగు రెట్లవుతుంది. అన్నం మాని, ఇక్కడ మడువాగా పిలిచే రాగులు తింటే ఎంత తిన్నా పరవాలేదన్న నమ్మకం కూడా సరికాదు. 100 గ్రాముల రాగిపిండిలోనూ పిండిపదార్థం సుమారు 70 గ్రాములు. పీచు వల్ల రాగులు మేలే గాని, కొలత నుంచి మినహాయింపు లేదు. పప్పు, ఆకుకూర, గుడ్డు, చేప, పెరుగు కంచంలో పెరిగి, అన్నం ఒక నిర్ణీత గిన్నెకు పరిమితమైతే సూదిమందు లెక్క తేలికవుతుంది. నేటి రోగికి తక్కెడకు తోడు వేలి చివరి చుక్క రక్తంతో క్షణాలలో ఫలితం చెప్పే పరికరం ఉంది. చక్కెర 70 మిల్లీగ్రాములకన్నా తగ్గితే 15 గ్రాముల గ్లూకోజు లేదా చక్కెర తీసుకొని, 15 నిమిషాల తరువాత మళ్లీ పరీక్షించుకోవాలని వైద్యులు సూచిస్తారు. రాత్రి షిఫ్టుకు వెళ్లేవారి జేబులో అది ఉండి తీరవలసిన వస్తువు.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. కషాయంతోనో, ఉపవాసంతోనో, పిండిపదార్థాలు పూర్తిగా మానివేయడంతోనో ఇన్సులిన్ అవసరం లేకుండా చేస్తామన్న మాటలు నేటికీ వినవస్తున్నాయి. అధిక బరువుతో వచ్చే రెండవ రకం మధుమేహంలో ఆహార మార్పుతో మందులు తగ్గే అవకాశం ఉండవచ్చు. మొదటి రకం మధుమేహంలో ఆ మాట నమ్మి సూదిమందు మానితే కొద్ది రోజులలోనే, ఒక్కొక్కప్పుడు కొన్ని గంటలలోనే ప్రాణం మీదికి వస్తుంది. తిండి సహించని జ్వరంలో కూడా మోతాదును వైద్యుల సలహాతో మార్చుకోవాలే తప్ప ఇన్సులిన్‌ను పూర్తిగా ఆపరాదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసంతో కూడిన శ్వాస కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి చేరుకోవాలి.

ఆహారంతో ఏది సాధ్యమో, ఏది అసాధ్యమో మైనట్‌కన్నా బాగా తెలిసినవారు అరుదు. కాలేయంతో వేలాది మందిని బతికించిన ఆ వైద్యుడు తన మధుమేహానికి మాత్రం ఆహారం ఒక్కటే చాలునని ఏనాడూ భావించలేదు. 1923 నుంచి చివరి వరకు ఆయన పళ్లెం పక్కన తక్కెడ ఉంది, తక్కెడ పక్కన ఇన్సులిన్ ఉంది.